తళతళగారి పొగ పరీక్ష

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. అది డ్రైవింగ్ లైసెన్సు మీద భద్రంగా ఉంది. అక్కడినుంచి బయటికి రావాల్సిన అవసరం దానికి పదకొండేళ్ళుగా పడలేదు. టాక్సీ స్టాండులో ఆయన్ని అందరూ తళతళగారనే పిలుస్తారు. కాస్త చనువున్నవాళ్ళకి తళతళ. పిలిచేవాళ్ళు వెక్కిరిస్తున్నారని ఆయనకు తెలుసు. అయినా లోపల్లోపల మురిసిపోతూనే ఉంటాడు, ఎందుకంటే ఆ పేరు నిజానికి ఆయనది కాదు, ఆయన కారుది.

తెల్ల కారు. పదకొండేళ్ళది. కానీ ఆ మాట చెబితే ఎవరూ నమ్మరు. డిక్కీలో ఏడు గుడ్డలుంటాయి. అద్దాలు తుడిచే గుడ్డ తలుపుల్ని తాకదు, తలుపులు తుడిచే గుడ్డ చక్రాల దరిదాపులకి పోదు. ఎక్కేవాళ్ళు చెప్పులు దులుపుకుని ఎక్కాలి. దులుపుకోకపోతే ఆయన నోరెత్తి ఏమీ అనడు, వాళ్ళ కాళ్ళవంక చూస్తాడంతే. ఆ చూపుకి ఒక పెద్దమనిషి చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కాడని స్టాండులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

పైపై మెరుపుతో తృప్తిపడే మనిషి కాదాయన. వారానికోసారి బానెట్ ఎత్తి, కార్ల సామాన్ల దుకాణంలో దొరికే మెరుపు స్ప్రే తీసుకుని ఇంజను మొత్తానికి చల్లుతాడు. గొట్టాలు, తీగలు, గాలి పీల్చుకునే మూతి, దేన్నీ వదలడు. "మా ఇంజను మీద అన్నం పెట్టుకుని తినొచ్చు" అని గొప్పలు పోతాడు. భార్య మాత్రం ఓ రోజు అనేసింది, "పెళ్ళయి పాతికేళ్ళయింది, నా మొహం ఇంత శ్రద్ధగా ఒక్కనాడైనా చూశారా?" అని. దానికి జవాబు చెప్పకుండా బయటికి పోవడమే మంచిదని ఆయనకు తోచింది. బయటికి పోతే అక్కడ కారే ఉంది.

ఇలాంటి బండిలో, మూడు నెలల కిందట, స్టీరింగు వెనక ఒక పసుప్పచ్చ దీపం వెలిగింది. చిన్న ఇంజను బొమ్మ. తళతళగారికి తల కొట్టేసినట్టయింది. వీధి చివర షెడ్డు పెట్టుకున్న మెకానిక్ ఆయనకు చిన్ననాటి స్నేహితుడే. "తీసుకురారా, స్కానర్ పెట్టి అదేం చెబుతుందో చదువుదాం" అన్నాడు. ఈయన వింటేగా! పరాయి చెయ్యి తన బండి మీద పడడమంటే ఆయనకు సొంత వీపు మీద పడ్డట్టే. స్టాండులో ఎవరో అన్నారు, సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సార్ అని ఒకటుంటుంది, దానికి మసి పడితే ఈ దీపం వెలుగుతుందని. అందులో ఆయన చెవికెక్కింది 'మసి' అన్న ఒక్క ముక్కే.

ఆ ఆదివారమే కారు కిందకి దూరి, ఇంజను దగ్గర గొట్టానికి బిగించిన ఆ సెన్సార్‌ని విప్పాడు. బొటనవేలంత ఉంది. కిరోసిన్‌లో నానబెట్టాడు. గరుకు కాగితంతో రుద్దాడు. ఆఖర్న, అలవాటు చొప్పున, కాస్త మెరుపు స్ప్రే కూడా కొట్టి బిగించాడు. బ్యాటరీ తీగ ఒకసారి పీకి పెట్టేసరికి దీపం ఆరింది. విజయగర్వంతో లేచి నిలబడ్డాడు. నాలుగు రోజులకి దీపం మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆదివారం, మళ్ళీ కిరోసిన్. అలా పన్నెండు ఆదివారాలు సెన్సార్‌కి తలంటు పోశాడు.

ఇంతలో కూతురికి ఉద్యోగం వచ్చింది. ఆటోమొబైల్ డిప్లొమా చదివిన పిల్ల, పెద్ద రోడ్డు మీది పొగ పరీక్ష కేంద్రంలో చేరింది. బండ్లు వరసలో వస్తాయి. సైలెన్సర్‌లో ఒక పైపు దోపి, పొగలో ఏ విషవాయువు ఎంతుందో మిషను మీద చూసి, పాసో ఫెయిలో కాగితం ఇవ్వాలి. ఆ కాగితం లేని టాక్సీ రోడ్డెక్కకూడదు. తళతళగారి కాగితం గడువు ఇంకా పది రోజులుంది.

"నాన్నా, ఆ దీపం సంగతి ఒకసారి మెకానిక్ బాబాయికి చూపించు" అంది పిల్ల, ఉద్యోగంలో చేరబోయే ముందురోజు.

"తాతకు దగ్గులు నేర్పుతావేంటే? పదకొండేళ్ళలో ఒక్కసారైనా ఫెయిలయిందా నా బండి?" అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, కేంద్రం తలుపు తీయకముందే వెళ్ళి వరసలో మొదట నిలబడ్డాడు. కూతురు ఉద్యోగంలో మొదటి బండి తనదే కావాలని ఆయన పట్టుదల. వెనకున్న ముగ్గురికీ, వాళ్ళు అడక్కపోయినా, "లోపలున్నది మా అమ్మాయే" అని చెప్పాడు. ముగ్గురూ తలలూపారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు కదా, ఈయన మొదటి బంతిలోనే కూర్చున్నాడు.

పైపు మీద ఒక ఎర్ర గీత ఉంటుంది. ఆ గీత సైలెన్సర్‌లోపలికి పోయేదాకా దోపితేనే అది సరైన కొలత. కూతురు గీత దాకా దోపింది. తెర మీద అంకె పెరగడం మొదలుపెట్టింది. పెరిగి పెరిగి, ఉండాల్సినదానికి మూడింతల దగ్గర ఆగింది. పిల్ల మొహం పాలిపోయింది. ఇంకోసారి చూసింది. అదే అంకె.

తళతళగారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "అమ్మా, ఆ పైపు కాస్త ఇవతలికి లాగు. నాలుగు వేళ్ళు లోపలుంటే చాలు. అందరూ చేసేదే."

అందరూ చేసేదే, అందులో అబద్ధం లేదు. పైపు బయటికి లాగితే బయటి గాలి కలుస్తుంది, అంకె బుద్ధిగా దిగుతుంది. లోపలి గదిలోంచి సూపర్‌వైజరు కూడా, "నాన్నగారే కదమ్మా, చూసీచూడనట్టు..." అని సగం మాట అని, తక్కిన సగం మింగేశాడు.

"అప్పుడు కొలిచేది వీధిలో గాలిని నాన్నా, బండిని కాదు" అంది కూతురు. ఫెయిల్ అని కాగితం తీసి చేతికిచ్చింది. వెనకున్న ముగ్గురూ మళ్ళీ తలలూపారు, ఈసారి ఇంకో రకంగా.

ఇక ఇంట్లో మౌనవ్రతం మొదలైంది. తళతళగారు కూతురితో మాట్లాడడు. చెప్పాల్సిందేదైనా ఉంటే భార్యకి చెబుతాడు. "మీ అమ్మాయికి చెప్పు, నీళ్ళ మోటారు ఆపమని." కూతురు పక్కనే ఉంటుంది. "నాన్నకి చెప్పమ్మా, ఎప్పుడో ఆపానని." రెండు రోజులు ఓపిక పట్టి మూడోనాడు ఆవిడ గరిటె కింద పడేసింది. "నేనేమైనా టెలిఫోన్ ఎక్స్ఛేంజినా? ఇద్దరికిద్దరూ ఒకే అచ్చు. నడుమ నా ప్రాణం తీస్తున్నారు!"

స్టాండులో అయితే ఇంకా ఘోరం. "ఇంటి పులే కరిచిందటగా?" అని పరామర్శలు. పైకి నవ్వాడు, లోపల రగిలిపోయాడు. నిజం చెప్పాలంటే ఆయనకు కోపంకంటే భయమే ఎక్కువైంది. గడువు దాటితే బండి ఇంటిముందు నిలబడిపోతుంది. బండి లేకుండా తానెవరో ఆయనకు తెలీదు. పైగా ఈ మధ్య ట్యాంకు నింపిన పెట్రోలు నింపినట్టే ఆవిరైపోతోంది, గొట్టం చివర నల్లగా మసి. ఆ మసిని కూడా రోజూ తుడుస్తూనే ఉన్నాడు.

గడువు రేపటితో అయిపోతుందనగా, పొద్దున్నే మెకానిక్ షెడ్డుకి వెళ్ళాడు.

"చేతులు తుడుచుకుని ముట్టుకోరా" అన్నాడు, దిగీ దిగకముందే.

మెకానిక్ ఆ మాట పట్టించుకోకుండా స్కానర్ పెట్టి చదివాడు. కిందకి దూరి సెన్సార్ విప్పి, వెలుతురులో పట్టుకున్నాడు. దాని కొన మీద తెల్లగా పెచ్చు కట్టి ఉంది, చుట్టూ గీతలు.

"దీన్నేం చేశావురా?"

"ఏం చేయలేదు."

"ఏం చేయకపోతే ఇలా అవదు."

"కాస్త తుడిచాను."

"దేంతో?"

కిరోసిన్ ముందు బయటికొచ్చింది. గరుకు కాగితం రావడానికి కాస్త టైము పట్టింది. స్ప్రే పేరు చెప్పేసరికి మెకానిక్ పాత టైరు మీద కూలబడి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

"ఒరేయ్ తళతళా! ఇది పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో పసిగడుతుందిరా. దీని మాట పట్టుకునే కారులో కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోయాలా తక్కువ పోయాలా అని చూసుకుంటుంది. నువ్వు చల్లే స్ప్రేలో సిలికాన్ ఉంటుంది. అది గాలితోపాటు ఇంజన్లోకి పోయి, కాలి, దీనిమీద ఇలా పెచ్చు కట్టింది. అది చాలక నేరుగా దీనికే పూశావు, గీకావు. జలుబు చేసినవాడికి కూర మాడిన వాసన తెలుస్తుందా? దీనికీ అంతే, వాసన తెలీడం లేదు. కంప్యూటరేమో పోస్తూనే ఉంది పెట్రోలు."

"మరి దీన్ని శుభ్రం చేయొద్దా?"

"చేయొద్దు! దీనికి చేసే సేవ దీని జోలికి పోకపోవడమే. ఇంజను బాగుంటే ఇదీ బాగుంటుంది. ఆయిలు టైముకి మార్చు. ప్లగ్గులు, గాలి ఫిల్టరు చూసుకో. దీనికి ముందు గొట్టంలో ఎక్కడా చిల్లు పడకుండా చూసుకో, చిల్లుంటే బయటి గాలి దూరి ఇది తప్పు చెబుతుంది. దీపం వెలిగితే చదివించు. దీని కాలం తీరితే కొత్తది వేయించు. తుడవడానికి ఇదేం అద్దమా?"

తళతళగారు ఆ సెన్సార్‌ని చేతిలోకి తీసుకుని తెల్ల పెచ్చుని వేలితో తడిమాడు. పదకొండేళ్ళు ఒంటి మీద దుమ్ము వాలనీయకుండా చూసుకున్న బండి, చివరికి తన చేతుల్లోనే పాడైంది. మిషను అబద్ధం చెప్పలేదు. కూతురూ చెప్పలేదు. అబద్ధం చెప్పమన్నది తను. అదీ పిల్ల ఉద్యోగంలో చేరిన మొదటి రోజున, నలుగురి ముందు. ఆయనకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

మెకానిక్ కొత్త సెన్సార్ బిగించి చెప్పాడు. "దీని తర్వాత పొగని శుభ్రం చేసే డబ్బా ఒకటుంది. మూడు నెలలు నీ సిలికాను, మిగులు పెట్రోలు తాగింది పాపం. అది బతికుందో లేదో రేపు పరీక్షలోనే తెలియాలి. ఓ ముప్పై కిలోమీటర్లు తిప్పి వేడి మీద తీసుకెళ్ళు."

ఆఖరి రోజు. వరసలో ఈసారి ఆయన నాలుగోవాడు. వంతు వచ్చేసరికి సూపర్‌వైజరే ఎదురొచ్చాడు. తండ్రీకూతుళ్ళ మధ్య మళ్ళీ గొడవెందుకని ఆ మంచిమనిషి కూతుర్ని లోపల కాగితాలు సర్దమని కూర్చోబెట్టి, పైపు తానే అందుకున్నాడు. నాలుగు వేళ్ళు దోపాడు. ఎర్ర గీత బయటే ఉంది. తెర మీద అంకె చక్కగా దిగి, కింద కూర్చుంది.

"పాస్ బాబాయ్‌గారూ. ప్రింటు తీసేయనా?"

ఒక్క 'ఊ' అంటే చాలు. రేపు బండి రోడ్డు మీద ఉంటుంది. తళతళగారు గాజు తలుపులోంచి లోపలికి చూశాడు. కూతురు తల ఎత్తకుండా కాగితాలు సర్దుతోంది. సర్దిన కాగితాలనే మళ్ళీ సర్దుతోంది. బయట ఏం జరుగుతోందో ఆమెకు తెలుసని ఆ చేతులే చెప్పాయి.

"ఎర్ర గీత బయటుందండీ" అన్నాడు.

"ఉంటే మీకే మంచిది కదా!"

"నాకొద్దు. మా అమ్మాయిని పిలవండి. ఫెయిలైతే దాని చేతిలోనే ఫెయిలవుతా."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. కూతురు బయటికొచ్చింది. తొమ్మిది రోజుల తర్వాత ఆయన మొదటిసారి నేరుగా ఆమెతో మాట్లాడాడు.

"గీత దాకా పెట్టమ్మా."

ఆమె పైపు బయటికి తీసి, మళ్ళీ గీత కనపడకుండా దోపింది. అంకె పెరిగింది. ఇంకా పెరిగింది. హద్దు దాటింది. తళతళగారు తెర చూడడం మానేసి కూతురి మొహం చూస్తూ నిలబడ్డాడు. ఆ మొహంలో ఏమీ తెలియడం లేదు, మంచి ఉద్యోగస్తురాలి మొహం. అంకె కాసేపు అక్కడే మొండికేసి, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. హద్దుకి వెంట్రుకవాసి కింద ఆగింది. తండ్రి ఊపిరి వదలబోయాడు. ఆమె వదలనీయలేదు. నిబంధన ప్రకారం రెండోసారి కొలిచింది. మళ్ళీ హద్దు కిందే.

కాగితం తీసి, సంతకం చేసి, ఆయన చేతికిచ్చింది. ఏదో అనాలని ఆయన నోరు తెరిచాడు. ఆమె అప్పటికే వెనక బండివంక చూస్తోంది.

"పాస్. బండి ముందుకి తీయండి, వెనకవాళ్ళు ఆగారు" అంది.

స్టాండులో ఇంకెవరైనా ఆ గొంతుతో ఆయనకు చెప్పి ఉంటే గంటసేపు వాదించేవాడు. తళతళగారు మారుమాట్లాడకుండా, "సరేనండీ" అని బండి ముందుకి తీశాడు.