సువార్తమ్మ ఇంటి మెరక

ఒక ఇంటి బరువు ఏళ్లుగా నా గుండెల మీద ఉంది. ఆ ఇల్లు నాది కాదు. వాన పట్టిందంటే చాలు, నాకు అన్నం సయించదు. ఇంట్లోవాళ్లు బీపీ అనుకుంటారు. అనుకోనీ. మీకు మాత్రం చెబుతాను. మీరు నన్నెరగరు, మీ మొహం నేను చూడక్కర్లేదు.

నేను టీచర్ని. మా ఊరి పంటకాలువలో ప్లాస్టిక్ తీయించింది నేనే. వేసవిలో కాలువ కట్టేస్తారు కదా, నీళ్లు లాగేశాక చూస్తే అడుగంతా చెత్తే. కవర్లు, సీసాలు, షాంపూ పొట్లాలు, పిల్లల డైపర్లు. ఆ నీళ్లే మా మంచినీళ్ల చెరువులోకి వస్తాయి. చర్చి ఆడవాళ్లనీ రైతుల్నీ కూలీల్నీ ఇల్లిల్లూ తిరిగి పోగేశాను. అందరికంటే ముందు బురదలోకి దిగింది సువార్తమ్మ. భర్త పోయాక కూలి చేసుకుంటూ కొడుకుని పెంచుకుంటున్న మనిషి.

ఆమెకి కాలువ పక్కన స్థలం ఉంది. ఉత్త పల్లం. మా వైపు పల్లాన్ని మెరక చేయకుండా ఇల్లు కట్టలేం, మట్టి తోలించుకునే స్తోమత ఆమెకి లేదు. అందుకని కాలువలో తీసిన పూడిక మట్టంతా అక్కడే పోద్దామని అందరం అనుకున్నాం. ఎంత పొంగిపోయిందో పిచ్చిది!

ప్లాస్టిక్ మూటలు గట్టు మీద గుట్టపడ్డాయి. పంచాయతీ వాళ్లు పంపిస్తామన్న బండి రాలేదు. ఫోన్ చేస్తే రేపంటారు, మాపంటారు. ఇంతలో కాలువకి నీళ్లు వదులుతున్నారనీ, మా పని చూడడానికి పై అధికారులు వస్తున్నారనీ కబురొచ్చింది. ఆ గుట్ట చూస్తే నా పరువేం కాను? ట్రాక్టర్ డ్రైవర్ని పిలిచి, మూటలన్నీ సువార్తమ్మ పల్లంలో దింపించి, పైన మట్టి కప్పించేశాను. ఆవిడ ఆ రోజు పొరుగూరు కూలికి వెళ్లింది. మూటలు బండొచ్చి తీసుకెళ్లిందని అందరితో అన్నాను. మర్నాడు నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను, సిగ్గులేకుండా.

మూటలు మళ్లీ నీళ్లలో పడిపోతాయని భయపడి చేశానా? చాలాకాలం మనసుకి అలాగే నచ్చజెప్పుకున్నాను. అబద్ధమండీ. వచ్చినవాళ్లకి ఆ గుట్ట చూపించి, బండి ఏదని నిలదీసి ఉండొచ్చు. పొగడ్త మీద మనసుపడ్డ దాన్ని, నాకంత ధైర్యం ఎక్కడిది?

సువార్తమ్మ పరుగున వచ్చింది.

"టీచర్ గారండి, మెరక అప్పుడే అయిపోయిందేంటండి! గట్టిగానే ఉంటదంటారా? ఇల్లు కట్టుకోవచ్చా?"

"నిశ్చింతగా కట్టుకో. అంతా కాలువ మట్టే."

నా పాడు నోటితో అన్నాను ఆ మాట. ఆమె నాకు చేతులెత్తి దణ్ణం పెట్టింది.

లోతుగా తవ్వించే స్తోమత లేక పునాది పైపైనే తీశారు. మూటలు బయటపడతాయేమోనని వెళ్లి నిలబడ్డాను. పడలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్యకి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను.

మొదటి వానలకే వంటగది గచ్చు కుంగింది. తర్వాత తలుపు మూతపడడం మానేసింది. గోడకి పగులు, ఏడాదికింత పెద్దదవుతూ వచ్చింది. పెరట్లో ఎలక బొరియల్లోంచి కవరు ముక్కలు పైకొస్తుంటే, గాలికి కొట్టుకొచ్చాయనుకుని ఏరి పారేస్తుంది. ఎవరో తన ఇంటికి చెడు చేశారని ఆమె అనుమానం. ఆ చెడు చేసిన నన్నే పిలిచి ప్రార్థన చేయమంది. చేశాను. ఆ పగులు మీదే చెయ్యి పెట్టి చేశాను. గోడ కదిలినట్టనిపించింది.

ఇప్పుడు కొడుక్కి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఇల్లు చాలక పైన గది వేస్తున్నారు. ఇనుము దిగిందనీ, పిల్లలు కింద వంటగది పక్కన పడుకుంటున్నారనీ ఆమే సంబరంగా చెప్పింది. బయట మూడు రోజుల ముసురు. ఆ డ్రైవర్ ఎప్పుడో ఊరొదిలి వెళ్లిపోయాడు. సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఇంకా నోరు మూసుకుంటే నేను మనిషినేనా?

ఇందాక మేస్త్రీకి ఫోన్ చేశాను. పని ఆపమన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. ఫోన్ సువార్తమ్మకిచ్చాడు. మళ్లీ మొదట్నుంచీ చెప్పాను, ఏ గది కింద ఏముందో, ఎవరు వేయించారో. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఆమె ఫోన్ పెట్టేయడం కూడా మర్చిపోయింది. "బయటికి రండర్రా, ఇద్దరూ బయటికి రండి" అని మనవల్ని పిలుస్తున్న కేక వినిపించింది.