అత్తమ్మ మానేసిన కాటుక

మంగళవారం పొద్దున మా బట్టల కొట్టు షట్టర్ ఎత్తుతుంటే హసన్‌పర్తి నుంచి మా బావమరిది వచ్చాడు. సైకిల్ దిగకుండానే "బావా, అమ్మ పోయింది" అన్నాడు. మా అత్తమ్మ. అప్పటి నుంచి చేతులు ఊరుకోవడం లేదు. మడతపెట్టిన చీరలే మళ్ళీ మళ్ళీ మడతపెడుతున్నాను. అందుకే ఇలా రాయడానికి కూర్చున్నాను.

వాళ్ళ వాడలో పసిపిల్లలందరికీ ఆమె కాటుకే. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టేది. డెబ్బై నాలుగులోనో, డెబ్బై ఐదులోనో, మా బిడ్డ ఏడో నెలలోనే పుట్టింది. దవాఖానలో అద్దాల పెట్టెలో పెట్టి, ఆక్సిజన్ ఇచ్చి బతికించారు. "ఏడో నెల పిల్ల గట్టిది అల్లుడా, ఫికర్ జేయకు" అంది అత్తమ్మ. ఇంటికి తెచ్చిన రోజే పిల్ల కళ్ళకు నిండా కాటుక దిద్దింది.

కొన్ని నెలలకు ఆమే కనిపెట్టింది. దీపం ఎటు తిప్పినా పిల్ల చూపు కదలడం లేదు. ఇక చేతిలో దీపంతో పిల్ల చుట్టూ ఒకటే తిరుగుడు. పక్కింటావిడ చూసి, "ఏం కాటుక వెట్టినవ్ వదినా, పోరి కండ్లు పాయె" అనేసింది.

హైదరాబాద్‌లో కంటి డాక్టర్ విడమరిచి చెప్పాడు. నెలలు నిండకుండా పుడితే కంటి వెనక పొరలో రక్తనాళాలు పూర్తిగా పెరగవట. ప్రాణం నిలబెట్టే ఆక్సిజనే ఎక్కువైతే అవి ఇంకా చెడిపోతాయట. చూపు రాదన్నాడు.

"నా కాటుకతోనా సారూ?"

"కాదమ్మా. దీనికీ కాటుకకూ సంబంధం లేదు."

తిరుగు బస్సులో అత్తమ్మ మెల్లగా అంది: "డాక్టర్ మంచోడు అల్లుడా. ముసల్ది బాధపడతదని అబద్ధమాడిండు."

"ఆయనకు నీతోనేం చుట్టరికం అత్తమ్మా, అబద్ధమాడనీకి?"

"మంచోళ్ళకు చుట్టరికం గావాల్నా?"

రోజంతా గిరాకీతో వాదించే నోరు నాది. ఆ మాటకు చేతిలో టికెట్టును మడత మీద మడత పెట్టాను.

అత్తమ్మ మళ్ళీ కాటుక పట్టలేదు. ఆ రోజు ఆమె కనుబొమల నడుమ పడ్డ ముడుత కూడా పోలేదు. ఎవరడిగినా "మర్చిపోయిన పో" అనేది. మనవరాలిని తీసుకుని మా కొట్టుకొచ్చి కూర్చునేది, క్షణం కుదురు లేకుండా దాని చేతికి బట్టలు అందిస్తూ.

"అమ్మమ్మా, ఎరుపంటే ఎట్లుంటది?"

"ఎండల వెట్టిన చెంబు ముట్టుకో. గట్లుంటది."

"మరి తెలుపు?"

"కడుపునిండ తిని పండుకుంటవు సూడు, గది."

గిరాకీలెవరైనా "అయ్యో పాపం" అంటే ఊరుకునేది కాదు. "పాపమెందుకవ్వా? నువ్వేం చీర గట్టినవో జర చెప్పు దానికి!"

నిన్న శవం పక్కన కూర్చుని, ఇప్పుడు పదిహేనేళ్ళకు నా భుజం దాటి ఎదిగిన ఆ పిల్లే వేళ్ళతో అమ్మమ్మ ముఖమంతా తడిమింది. కనుబొమల నడుమ ఆగింది.

"బాపూ, ముడుత ఇంక పోలే. కాటుకతోని కాదే అని నేను గూడ ఎన్నిసార్లు చెప్పిన. ఇనలే."

బయట పాడె సిద్ధమైంది, పిలుస్తున్నారు. పిల్ల మాత్రం బొటనవేలితో ఆ ముడుతను నిమురుతూనే ఉంది.