నా వీపు, మా ఆవిడ నేరం

అమెరికాలో, షామ్‌బర్గ్‌లో మా అమ్మాయి ఇంట్లో గడిపిన ఆ చలికాలం నా వీపు మీద నెత్తురు ఏరులై పారింది. సరే, ఏరులు కాదు, బనీనుకు అంటిన చారలు. దురద మాత్రం నిజం. రోజంతా హీటరు వేడిగాలి, దానికి తోడు పొద్దున్నే నేను పోసుకునే కాగిన నీళ్ళు. చర్మం అప్పడంలా పెళుసెక్కింది. వీపు మీద నిప్పులు పోసి ఎవరో చీపురుతో ఊడుస్తున్నట్టుండేది. గోళ్ళు అందినంత మేరా చీరుకున్నాను. అందని నడివీపు కోసం గరాజులోకి వెళ్ళి, కారులోంచి అద్దం మీద మంచు గీకే పుల్ల తీసి, పళ్ళున్న వైపు తిప్పి గీకాను. ఆహా! రక్తం వచ్చినా ఆపలేదు. వచ్చాకే ఇంకా గట్టిగా గీకాను.

మా ఆవిడ బనీను చూసి, "పులితో కుస్తీ పట్టారా?" అంది. నిద్దట్లో గోళ్ళు తగిలాయన్నాను. అమ్మాయి మా ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

చర్మం డాక్టరమ్మ అమెరికనావిడ. ఆవిడ ఇంగ్లీషు నాకు, నా ఇంగ్లీషు ఆవిడకు ఎక్కలేదు. అక్కడి పద్ధతి ప్రకారం బల్ల మీద ఫోను పెట్టారు. అందులోంచి ఒక తెలుగమ్మాయి మా మాటలు అటూ ఇటూ చేరవేస్తుంది. మావాళ్ళిద్దర్నీ బయట కూర్చోబెట్టి, డాక్టరమ్మ నా వీపు మీది గీతలు చూసి ఏదో అడిగింది.

"ఇవి ఎవరు చేశారని అడుగుతున్నారండీ," అంది ఫోనులో అమ్మాయి.

మంచు పుల్లతో గోక్కున్నానని ఏ మొహంతో చెప్పను? మగవాళ్ళం నలుగురం చేరితే వేసుకునే పాత జోకు నోట్లోంచి దూకింది.

"ఇంకెవరమ్మా, మా ఆవిడే. రెండు పూటలా బాదుతుంది. అట్లకాడ విరిగితే పప్పుగుత్తి అందుకుంటుంది."

మన దగ్గర డాక్టరైతే, "మా ఇంట్లోనూ అంతే మాస్టారూ," అని నవ్వేవాడు. ఫోనులో అమ్మాయి నవ్వలేదు. పప్పుగుత్తితో సహా అంతా ఇంగ్లీషులో చెప్పేసింది. డాక్టరమ్మ మొహం బిగుసుకుపోయింది. లేచి బయటికెళ్ళింది.

కాసేపటికి మా అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. "ఏం వాగావు నాన్నా? అమ్మని పక్క రూమ్‌లో పెట్టి క్వశ్చన్ చేస్తున్నారు. పోలీసులకి రిపోర్ట్ చేస్తారట! విజిటర్ వీసా మీదొచ్చిన మనిషి, అరెస్ట్ చేస్తే ఏంటి గతి?"

డాక్టరమ్మ రాగానే ఫోను మీద పడ్డాను. "అబద్ధమమ్మా! పుల్లతో నేనే గీక్కున్నాను!"

డాక్టరమ్మ జాలిగా చూసింది.

"భయంతో మాట మార్చేవాళ్ళను చాలామందిని చూశారటండీ," అంది ఫోనులో అమ్మాయి. " పైగా మీ భార్య, ఇంటికెళ్ళాక మీ వీపు చీరేస్తానన్నారట."

మా అమ్మాయి కారు దగ్గరికి పరుగెత్తి పుల్ల తెచ్చింది. పళ్ళ సందుల్లో నా రక్తం ఎండి ఉంది. పళ్ళు గీతలకు సరిపోయాయి కాని, ముసలివాడి చెయ్యి అంత వెనక్కి వెళ్తుందని డాక్టరమ్మకు నమ్మకం కుదరలేదు. పుల్ల లాక్కున్నాను. కూతురి ముందు, ఒంటి మీద చొక్కా లేకుండా, మోచెయ్యి తల వెనక్కి విరిచి, శక్తికొద్దీ గీకాను. పుండు చిట్లి నెత్తురు నడుం దాకా జారింది. డాక్టరమ్మ అరిచి నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు వదిలారు మా ఆవిడను.

ఇంటికొచ్చాక ఆవిడ బోర్లా పడుకోమంది. ఆ చోట మందు ఇంకొకరే రాయాలి. అరచేతిలో మందు వేసుకుని, సరిగ్గా పుండు మీద ఫెళ్ళున ఒక్కటిచ్చింది. కెవ్వుమన్నాను.

తరువాత ఆ చెయ్యి నెమ్మదించింది.

"నా చేతులు తిప్పి తిప్పి చూశారండీ," అంది. "గోళ్ళల్లో రక్తముందేమోనని."

దిండులో మొహం దాచుకుని, ఇంకో దెబ్బ పడితే బాగుండునని ఎదురుచూశాను. పడలేదు.