పుస్తెల కోసం పోగొట్టుకున్న వారం

ఐదో నెలలో, బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌కి వెళ్ళాం. అప్పటిదాకా చెయ్యి, కాలు, వెన్నెముక అంటూ చూపిస్తున్న డాక్టరు బిడ్డ తల దగ్గర ఆగింది. "మీరు బయట కూర్చోండమ్మా, మీవారిని లోపలికి పంపండి" అంది. కడుపులో మోస్తున్నది నేను, బయట కూర్చోవలసిందీ నేనేనట.

మైలవరంలో మా ఇంటికొచ్చాక మా ఆయన, "ఉమ్మనీరు కాస్త తక్కువుందంట, అంతే" అన్నాడు. మర్నాడు ఆయన బ్యాగులోంచి రిపోర్టు తీసి నేనే చదివాను. వెంట్రిక్యులోమెగాలీ. మెదడులో నీరుండే గదులు పెద్దవయ్యాయి. కార్పస్ కలోసమ్ సరిగా కనిపించలేదు, కడుపులో బిడ్డకు ఫీటల్ ఎమ్మారై చేయించండి అని రాసి ఉంది.

"నువ్వు కంగారు పడతావని డాక్టరుగారే చెప్పొద్దన్నారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పేదాన్ని, నా బిడ్డ సంగతి నాకు చెప్పకూడదా?

ఆ రోజే నా గైనకాలజిస్టు దగ్గరకు వెళ్ళాను. "కార్పస్ కలోసమ్ అంటే మెదడు రెండు భాగాల్నీ కలిపే వంతెనమ్మా. లేదని తేలితే, ఉంచుకోవాలా వద్దా అని మీరు ఆలోచించుకోవాలి. ఇరవై నాలుగు వారాలు దాటాక గర్భం తీయించుకోవాలంటే అనుమతి కోసం మెడికల్ బోర్డుకు వెళ్ళాలి. ఆలస్యం చెయ్యకండి" అన్నారావిడ. అప్పటికి నాకు ఇరవై రెండో వారం.

విజయవాడలో ఎమ్మారైకి మా అత్తయ్య కూడా వచ్చారు. ఒంటిమీద లోహమేదీ ఉండకూడదు, పుస్తెలు, మెట్టెలు తీసెయ్యమన్నాడు టెక్నీషియన్.

"కడుపుతో ఉన్నదాని మెళ్ళో పుస్తెలు తీయిస్తారా? ఎక్కడి చోద్యమండీ ఇది? పదరా ఇంటికి" అన్నారు అత్తయ్య. మా ఆయన లేచాడు. నేనూ లేచాను. అందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

మళ్ళీ స్లాట్ దొరకడానికి వారం పట్టింది. ఆ వారమంతా బిడ్డ తన్నినప్పుడల్లా ఏడ్చాను. ఉంచుకుంటానో లేదో తెలియని బిడ్డ తన్నులకు సంతోషపడాలో వద్దో కూడా తెలియలేదు.

రెండోసారి అత్తయ్యను రావద్దన్నాను. అయినా పుస్తెలు తియ్యబోయి, మళ్ళీ గట్టిగా పట్టుకున్నాను. అక్కడి ఆయా చూసి, తన సంచీలోంచి పసుపుతాడు, పసుపుకొమ్ము తీసింది.

"ఇది కట్టుకుని అవి తీసెయ్యండమ్మా. ఇక్కడికొచ్చేవాళ్ళంతా ఇదే చేస్తారు. మీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. వారం రోజుల నా ఏడుపు ఒక పసుపుకొమ్ముతో తీరిపోయేది.

లోపల ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. ఇంజెక్షన్ లేదు, ఎక్స్‌రే కిరణాలూ లేవు. చెవుల్లో దూది పెట్టినా రేకు మీద సుత్తితో కొట్టినట్టు చప్పుడు. బిడ్డ కదిలినప్పుడల్లా బొమ్మలు మళ్ళీ తీశారు. అరగంట పైనే పట్టింది.

రేడియాలజిస్టు తలుపు తీసి మా ఆయన్ని పిలవబోయారు. "నాకు చెప్పండి" అన్నాను.

"వంతెన ఉందమ్మా. గదులు కొంచెమే పెద్దవి. ఇంకే లోపమూ కనిపించలేదు. పుట్టాక కూడా చూపిస్తూ ఉండండి" అన్నారాయన.

మా పాపకిప్పుడు మూడేళ్ళు. నడక ఆలస్యమైతే ఫిజియోథెరపీ చేయించాం. మాటలు మాత్రం నిద్రలో కూడా ఆపదు. "నా మనవరాలికేం, బంగారం" అని అత్తయ్య ముద్దు చేస్తుంటే వద్దనుకున్నా ఆ వారమే గుర్తొస్తుంది.

ఎమ్మారైకి వెళ్ళే ముందురోజే ఫోన్ చేసి ఏమేం తీసెయ్యాలో అడగండి, పసుపుకొమ్ము ఇంట్లోనే కట్టుకుని బయల్దేరండి. రిపోర్టు మీ చేతికే ఇమ్మనండి. బయట కూర్చోమంటే మాత్రం కూర్చోకండి.