తూనికల ఇన్‌స్పెక్టరు చెవి

మా చెల్లెలి భర్త తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. దుకాణాలకు వెళ్ళి త్రాసులు పరీక్షించడం, సరిగ్గా ఉన్నవాటికి ముద్ర వేయడం, లేనివాటిని పట్టుకుపోవడం ఆయన ఉద్యోగం. నిజాయితీపరుడు. బంధుత్వం కొద్దీ ఈ మాట అనడం లేదు. ఆయన చేతిలో జరిమానా పడ్డ వర్తకులే నాతో అన్నారు. ఏ దుకాణంలోనూ మంచినీళ్ళు సైతం ముట్టేవాడు కాదు. పరీక్ష మొదలుపెట్టే ముందు దుకాణదారుతో ఎప్పుడూ ఒకటే మాట: "చేతులు వెనక్కి పెట్టుకోండి. పళ్ళెం మీద వేలుండగా త్రాసు నిజం చెప్పదు."

ఆయనకున్న రెండో ఆస్తి చెవి. పెళ్ళికి ముందు కొన్నేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాడు. ఉద్యోగం వచ్చాక వేళ్ళు మరిచిపోయాయి గాని చెవి మరిచిపోలేదు. వంటింటి తలుపు కిర్రుమంటే అది ఏ స్వరమో చెప్పేవాడు. అది ఒకనాడు కొంచెం మారితే, కీలుకు నూనె వేయమని మా చెల్లెలికి పురమాయించేవాడు. "ఇంట్లో పాము దూరినా వినపడదు గాని తలుపు అపశ్రుతి మాత్రం వినపడుతుంది," అని ఆవిడ విసుక్కునేది.

ఆ కుటుంబానికి జరిగిన నష్టం గురించి బంధువులు తలా ఒక మాట అంటారు. కొందరు తండ్రిదే తప్పంటారు, కొందరు పిల్లదంటారు, మా చెల్లెలు నన్నే తప్పుపడుతుంది. నేను దగ్గరుండి చూసినవాణ్ణి. చూసినదే రాస్తాను.

వాళ్ళకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది వయొలిన్ వాయించేది, చిన్నది ఫ్లూట్. ఏటా వేసవిలో కొండమీద సరస్సు ఒడ్డున ఒక వసతి పాఠశాలలో పిల్లల సంగీత శిబిరం జరిగేది. తల్లిదండ్రులు కూడా వెళ్ళి ఉండవచ్చు. తండ్రులు కుర్చీలు మోయాలి, తల్లులు భోజనశాలలో వడ్డించాలి. పెద్దది పలకమీద అక్షరాలు దిద్దే వయసు నుంచీ ఈ నలుగురూ ఒక్క వేసవి కూడా మానకుండా వెళ్ళారు. బంధువుల పెళ్ళిళ్ళు మానుకున్నారు, ఇంటికి సున్నం మానుకున్నారు, శిబిరం మానలేదు. నేను ఉద్యోగం విరమించాక చివరి కొన్నేళ్ళు వాళ్ళ పాత వ్యానులో నాకూ ఒక మూల దొరికింది.

ఆ వ్యానులో అందరికంటే మర్యాద వయొలిన్‌కు. ఎండ తగలని వైపు సీటు, కింద దిండు, పైన దుప్పటి.

"దానికి కిటికీ పక్క సీటు, నాకు ట్రంకుపెట్టె. ఇంకేం, టిఫిన్ కూడా దానికే పెట్టండి," అనేది చిన్నది.

"నీ ఫ్లూట్‌కీ బిరడలుంటే నీకూ ఆ మర్యాద జరిగేదే," అనేది తల్లి.

"లేవు కాబట్టే బతికిపోయాను."

వయొలిన్ తీగలను బిగించే కొయ్యమేకుల్ని బిరడలంటారు. ఎండకీ కుదుపుకీ అవి జారతాయి, తీగలు దిగిపోతాయి. అందుకని వ్యాను ఆగిన ప్రతిచోటా మా బావ పెట్టె తెరిచేవాడు. పెట్రోలు బంకులో, దారి పక్క హోటలు బల్ల మీద, వాన పడుతుంటే స్టీరింగు ముందే కూర్చుని, తీగ మీటి, బిరడ తిప్పి, గొంతు సవరించుకున్నట్టు చిన్నగా ఒక దగ్గు దగ్గేవాడు. ఆ దగ్గుకు "కలిసింది" అని అర్థం. అప్పుడు వయొలిన్ పెద్దదాని చేతికి వచ్చేది. ఇంట్లోనూ అంతే, శిబిరంలోనూ అంతే. శిబిరం పిల్లలు ఆయనకు శ్రుతిపెట్టె అని పేరు పెట్టారు. ఆయనకు ఆ పేరు ఇష్టం.

ఒకసారి నేను అడిగాను: "బావగారూ, పిల్ల ఎదిగింది కదా, బిరడ దాని చేతే తిప్పించకూడదా?"

"వస్తుందిలే బావా. వాయించాల్సిన చెయ్యిని బిరడల దగ్గరే అలవగొట్టడం ఎందుకు? నేనున్నాగా."

ఆ "నేనున్నాగా" అన్న మాటలో ప్రేమ ఉంది. నేను కాదనను. వర్తకుడి వేలికీ ఆ మాటకీ ఉన్న చుట్టరికం మాత్రం ఆయనకు తట్టలేదు.

శిబిరం చివర పెద్ద పిల్లలకు ఒక పరీక్ష ఉండేది. అందులో నెగ్గిన కొద్దిమందిని ఆ పాఠశాలే ఏడాది పొడుగునా ఉంచుకుని సంగీతం చెప్పేది. పరీక్షకు ఒక ఆనవాయితీ ఉంది. వాద్యాలన్నీ ముందురోజే తీసుకుని, తీగలు వదులు చేసి, హాల్లో తెర వెనుక బల్ల మీద పెడతారు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు లోపలికి వెళ్ళాలి. పియానో మీద ఒక్క స్వరం వినిపిస్తారు. ఆ స్వరానికి తీగలు తామే కలుపుకుని, పియానోతో పాటు వాయించాలి. తెర ఇవతల కూర్చున్నవాళ్ళకు మనిషి కనిపించదు, చెవికి వినపడిందే లెక్క. ఈ సంగతి మా బావకు మొదటి ఏడాది నుంచీ తెలుసు.

పెద్దదానికి ఆ పరీక్షకు వెళ్ళే వయసులో చివరి వేసవి వచ్చింది. అందులో నెగ్గడం తప్ప ఆ పిల్లకు వేరే కోరిక లేదు. వేరే చదువు గురించి ఎవరైనా అడిగితే వినపడనట్టు ఊరుకునేది.

కిందటి వేసవి శిబిరం ముగిసిన కొద్ది రోజులకే మా బావకు జ్వరం వచ్చి, చెవిపోటు పట్టుకుని, కొన్నాళ్ళకు తగ్గింది. తగ్గిందనే అందరం అనుకున్నాం. ఆ ఏడంతా ఆయనకు లోకం అపశ్రుతిగానే వినిపించింది. పక్కింటి గడియారం గంట దిగిపోయిందన్నాడు. రైలు కూత మారిందన్నాడు. శిబిరంలో అడుగు పెడుతూనే అక్కడి ప్రధాన ఉపాధ్యాయినితో, "మీ పియానో పాడైపోయిందండీ," అన్నాడు. పిల్లలంతా ఆవిడను పెద్ద టీచరు అనేవాళ్ళు.

"పోయిన వారమే మనిషిని పిలిపించి సరిచేయించామండీ," అందావిడ.

"అయితే ఆ మనిషి చెవి సరిచేయించండి," అని నవ్వాడు. అందరం నవ్వాం.

పెద్దది నవ్వలేదు. ఆ రోజుల్లోనే నేనొకటి గమనించాను. తండ్రి కలిపి ఇచ్చిన వయొలిన్ తీసుకుని పిల్ల తిన్నగా భోజనశాల వెనక్కి వెళ్ళేది. అక్కడ చిన్నది ఫ్లూట్ మీద ఒక స్వరం పట్టి నిలిపేది. పెద్దది చెవి ఆనించి, బిరడను వెంట్రుకవాసి తిప్పేది. అక్కాచెల్లెళ్ళ సాధన కాబోలు అనుకున్నాను. పరీక్ష కోసమే అయితే తండ్రి చాటున ఎందుకని నాకు అప్పుడు అనిపించలేదు.

పరీక్ష రోజు ఉదయం మా బావా నేనూ హాలు పక్క కిటికీ దగ్గర నిలబడ్డాం. తెర ఆ వైపు మూలదాకా రాదు. పిల్ల భుజమూ మోచెయ్యీ మాకు కనిపిస్తున్నాయి. పియానో స్వరం మోగింది. పిల్ల తీగ మీటింది, బిరడ తిప్పింది, మళ్ళీ మీటింది. ఒకచోట తీగా పియానో ఒక్కటైపోయాయి. సంగీతం రాని నాకే అది తెలిసింది. పిల్ల చెయ్యి ఆగింది. ఆగి, బిరడ మీదే ఉండిపోయింది, దేనికోసమో చూస్తున్నట్టు.

నా పక్కన చప్పుడు లేదు. ఆయన మొహం చిట్లించుకుని తల అడ్డంగా ఆడిస్తున్నాడు.

పిల్ల బిరడను ఇంకొంచెం తిప్పింది. మరికొంచెం. అప్పుడు మా బావ చిన్నగా దగ్గాడు.

చెయ్యి బిరడ మీద నుంచి తొలగింది. మిగిలిన తీగలు ఆ మొదటి తీగను బట్టి కలుపుకుని, కమాను ఎత్తి వాయించింది. చెయ్యి తిరిగిన వాయింపే. కాని వయొలిన్ ఒక ఎత్తున, పియానో ఒక ఎత్తున. ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోని ఇద్దరిలా చివరిదాకా నడిచాయి. హాల్లో ఎవరో పళ్ళు పులిసినట్టు మొహం పెట్టారు. మా బావ ఒక్కడే కళ్ళు మూసుకుని, చిరునవ్వుతో, తల పంకిస్తూ విన్నాడు.

"అయిపోయింది బావా. సీటు మనదే," అన్నాడు.

సీటు రాలేదు. పెద్ద టీచరు పిల్లను పిలిచి, చెయ్యి చాలా మంచిదనీ, శ్రుతి కలపలేని మనిషిని మాత్రం తీసుకోలేననీ చెప్పింది. మా చెల్లెలు నా చొక్కా పట్టుకుంది.

"అన్నయ్యా, నీ మాటకు ఆవిడ విలువిస్తుంది. ఇంకొక్కసారి వాయించనిమ్మని అడుగు. నీకు పుణ్యం ఉంటుంది."

అడిగాను. పెద్ద టీచరు శాంతంగా విని, "కిటికీ దగ్గర ఎవరో దగ్గారు. ఎవరండీ?" అంది.

"మా బావగారు."

"సంజ్ఞా, దగ్గా?"

"సంజ్ఞే."

"అయితే రెండోసారి ఇవ్వలేను. బయటి సాయంతో వాయించిన వాళ్ళెవరికీ ఇవ్వలేదు."

మా చెల్లెలు ఇప్పటికీ అంటుంది: "ఒక్క అబద్ధం ఆడితే నీ నాలుక తెగిపోయేదా?" తెగిపోయేది కాదు. అక్కడ తెర వెనుక వాయించిన మిగతా పిల్లలకూ తల్లులున్నారు. ఈ రోజు అడిగినా నేను అదే జవాబు చెబుతాను.

మర్నాడు బయలుదేరాం. వయొలిన్ దాని సీట్లో అది ఉంది. పెద్దది కిటికీలోంచి బయటకు చూస్తోంది. మా బావ బండి నడుపుతూ పాఠశాలను దుమ్మెత్తిపోస్తున్నాడు. పాడు పియానో, పక్షపాతం, ముందే అనుకున్నవాళ్ళకు సీట్లు.

"పియానో పాడయిందని నేను చెవినిల్లు కట్టుకుని చెప్పానా లేదా? ఒక్కరు విన్నారా?"

ట్రంకుపెట్టె మీద నుంచి చిన్నది అంది: "పియానోకి ఏం కాలేదు నాన్నా. నీకే వినపడట్లేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట."

"నోర్ముయ్యవే!" అంది తల్లి.

"ఎందుకు ముయ్యాలి? ఏడాది నుంచి మూసుకునే ఉన్నాం. నాన్న కలిపి ఇచ్చిన ప్రతిసారీ అక్క చాటుకెళ్ళి మళ్ళీ కలుపుకుంటోంది. దానికి కలపడం రాదనుకుంటున్నారు మీరంతా. దానికొచ్చు."

వ్యాను రోడ్డు పక్కన ఆగింది. ఆయన దిగి, తలుపు తీసి, "బయటికి తియ్యి," అన్నాడు.

"వద్దు నాన్నా," అంది పెద్దది.

"తియ్యమన్నాను."

ఆయన మాకు వీపు తిప్పి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. దుకాణదారుల్ని నిలబెట్టినట్టే తనను తాను నిలబెట్టుకున్నాడు. చిన్నది ఫ్లూట్ మీద స్వరం పట్టింది. పెద్దది దానికి తీగ కలిపి మీటింది.

"దిగింది," అన్నాడాయన.

పెద్దది తీగను కొంచెం బిగించింది. మీటింది. నా చెవుల్లో పులుపు పోసినట్టయింది.

"ఆఁ, కలిసింది."

ఫ్లూట్ ఆగిపోయింది. చిన్నది ఏడుస్తోంది. ఆయన వెనక్కి తిరిగి భార్యను చూశాడు, పిల్లల్ని చూశాడు. చివరికి నన్ను.

"బావా, నువ్వు చెప్పు. నీకు సంగీతం రాదు, అబద్ధమూ రాదు."

"కలవలేదు."

తరువాత ఆయన పెద్దదాన్ని అడిగాడు: "తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వేమైపోతావో అని."

"మరి నిన్న? నీ చెవికి తెలిసింది కదా, ఎందుకు తిప్పావు?"

"తెలిసింది. ఆగాను కూడా. నీ దగ్గు వినపడలేదు. ఇన్నేళ్ళలో నీ దగ్గు వినకుండా ఒక్కసారైనా కమాను ఎత్తానా? వినపడేదాకా తిప్పాను." పిల్ల ఏడవలేదు. వయొలిన్ పెట్టెలో పెట్టి మూత వేసింది. "పళ్ళెం మీద వేలు పెట్టకూడదని ఊరందరికీ చెప్పావు నాన్నా."

ఆయన బండెక్కాడు. దారిలో ఆగిన చోట్ల పెట్టె ఎవరూ తెరవలేదు.

నా తీర్పు అడిగేవాళ్ళకు ఇదే చెబుతాను. ఆయన శాఖలో తూకపు రాళ్ళను ఏటా పై కార్యాలయానికి పంపి అసలు రాళ్ళతో సరిచూస్తారు. రాయికి సైతం అరుగుదల ఉంటుందని తెలిసిన మనిషి, తన చెవికి ఉండదనుకున్నాడు. అది గర్వం. పిల్లది తప్పు కాదంటే అది కూడా పూర్తి నిజం కాదు. తండ్రి మీద జాలితో ఏడాదిపాటు నిజం దాచింది. ఆ జాలే తెర వెనుక దాని చేతికి అడ్డుపడింది. ఇద్దరిలో ఎవరికీ ద్వేషం లేదు. ద్వేషం ఉంటే ఇద్దరిలో ఒకరైనా బాగుపడేవారు.

మరుసటి వేసవికి వ్యాను అమ్మేశారు. చిన్నది ఒక్కతే బస్సెక్కి శిబిరానికి వెళ్ళింది. ఆపైన పరీక్ష కూడా నెగ్గింది. ఫ్లూట్ భుజాన వేసుకుని వెళ్ళిపోయిన ఆ పిల్ల ఇంటికి రావడం తక్కువ. పెద్దది ఒక మందుల కంపెనీ ఆఫీసులో చేరింది. పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు, ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఆదివారాలు గది తలుపు వేసుకుని వయొలిన్ తీస్తుంది. తలుపు అవతల తండ్రి కుర్చీ ఉంటుంది. ఆయన ఉద్యోగం విరమించాడు. ఇప్పుడు ఆ తలుపు కిర్రుమన్నా ఏమీ అనడు.

మొన్న నేను వెళ్ళినప్పుడు పెద్దది తలుపు తీసుకుని బయటకు వచ్చింది. తీగలు వదులుగా వేలాడుతున్నాయి, వాటిని కలపనేలేదు. అలాగే ఒకసారి కమాను లాగింది. గిన్నె గీకిన చప్పుడు; ఆ మాత్రం ఏ చెవికైనా తెలుస్తుంది.

"బాగుందమ్మా," అన్నాడు తండ్రి వెంటనే. "చాలా బాగుంది."

పిల్ల నావైపు చూసింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. చాలాసేపు విన్నాను గాని, లోపల నుంచి బిరడ తిప్పిన చప్పుడు రాలేదు.