రాదోసవ అవ్వ రాయి

యాసెనిక్ ఊరి చరిత్ర రాసే పనిని పంచాయతీవాళ్లు నా నెత్తిన పెట్టారు. ఊళ్లో పంతులమ్మని నేనొక్కదాన్నే కదా, ఇంకెవరికి పెడతారు! చూడదగ్గవి మూడే: చర్చి గడప, ఊట దగ్గరి రాతి తొట్టి, బాట పక్కన యుద్ధంలో పోయినవాళ్ల రాళ్లు. మూడూ మిలున్ చేతి పనే. కానీ వచ్చినవాళ్లు ఎగబడి ఫొటోలు తీసుకునేది నాలుగోదాన్ని. అది మిలున్ భార్య రాదోసవ అవ్వ సమాధి. నేను రాయడం మొదలుపెట్టేనాటికి అవ్వ మాత్రం నిక్షేపంలా ఉంది.

మా వైపు బతికుండగానే సమాధి రాయి నిలబెట్టుకుంటాం. ఆలుమగల బొమ్మలు, పుట్టిన ఏళ్లు చెక్కించి, పోయే ఏడుకి చోటు వదిలేస్తాం. మిలున్ 1983లో తమ రాయి తనే చెక్కాడు. పని కలిసొస్తుందని ఇద్దరి పేర్ల కిందా ‘19’ ముందే కొట్టేశాడు. ఆయన 1986లో పోయి మాట నిలబెట్టుకున్నాడు. అవ్వ మాత్రం రెండువేలు దాటేసి, ఎనభై ఎనిమిదో ఏట కూడా ప్లమ్ పళ్ల సారా కాస్తూనే ఉంది. పెద్దలకి పెట్టుకునే శనివారాల్లో ఆయన సమాధి మీద ఓ గుక్క పోసి, తనో గుక్క వేసుకునేది.

“తొంభై తొమ్మిదిలో జొరమొచ్చింది పంతులమ్మా, పోదామనే అనుకున్నా. పందికి మేతేసే దిక్కు లేక ఆగిపోయా,” అనేది.

నవ్వేది గానీ, లోపల బాధే. తప్పుడు ఏడు కింద పడుకోనని పట్టుబట్టి, రాళ్లు చెక్కే తిహోమిర్‌ని పిలిపించింది.

అతను రాయంతా తడిమి చూశాడు. “ఈ అంకెలు పోవాలంటే మొత్తం అరగదీయాలి అవ్వా. తాత చెక్కిందేదీ మిగలదు. మెషీన్‌తో మళ్లీ చెక్కిస్తాలే, ఇంతకన్నా నున్నగా వస్తది.”

“నున్నగానా? నా ముక్కు చూడు, ఎంత వంకరగా కొట్టాడో! వారం రోజులు మాట్లాడలేదు నేను!”

అంటూ అవ్వ ఆ రాతి ముక్కు మీద వేలు పెట్టింది. ఆ వేలు ఎంతకీ అక్కడినుంచి కదల్లేదు.

“నీ మెషీన్ బండెక్కించుకోరా,” అంది చివరికి. “ఆయన కొట్టింది అట్టాగే ఉండనీ. నేను పోయాక కింద ఏం చెక్కాలో చెప్తా, రాసుకో.”

రెండేళ్లకి తిహోమిర్ అదే చెక్కాడు: ‘2009. పనుల్లో పడి ఆలస్యమైంది మిలున్, కోప్పడకు.’

మొన్న శనివారం మిలున్‌కి ఓ గుక్క పోశాను. అవ్వకి రెండు పోశాను. ఇరవై మూడేళ్లు ఒంటరిగా నడిచి వచ్చింది మరి.