చలి మీద పగబట్టిన రగ్గు బాబాయ్

లోకంలో మనుషులు రెండే రకాలని రగ్గు బాబాయ్ సిద్ధాంతం. ఎండని ఎంచుకునేవాళ్ళు, బుద్ధి లేనివాళ్ళు. ఎవరు కొత్తగా పరిచయమైనా ఆయన పేరు అడగడు, ఊరు అడగడు. "జన్మంతా ఒకటే ఎంచుకోవాలంటే మీకేం కావాలి, మాడ్చే ఎండా, కొరికే చలా?" అని అడుగుతాడు. ఎండ అన్నవాడికి కుర్చీ చూపిస్తాడు. చలి అన్నవాడికి గుమ్మం చూపిస్తాడు. రెండూ మితంగా ఉంటే మంచిది కదండీ అన్నవాడి మొహం మాత్రం జన్మలో మళ్ళీ చూడడు. అలాంటివాళ్ళకి ఆయన పెట్టిన పేరు గోరువెచ్చని మనుషులు.

ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, ఆఫీసులో దాన్ని వాడిన పాపాన పోయినవాళ్ళు లేరు. కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూచునే ఎండాకాలంలో సైతం భుజం మీద రగ్గు లేకుండా ఆయన గడప దాటడు. అందుకని ఆఫీసరు మొదలు టీ తెచ్చే మనిషి దాకా అందరికీ ఆయన రగ్గు బాబాయే. ఇలాంటి మనిషికి దొరకాల్సిన ఉద్యోగం ఏ ఇటుకల బట్టీలోనో అయి ఉండాలి. దొరికింది వాతావరణ కార్యాలయంలో. రోజూ తెల్లవారగానే పెరట్లో ఉన్న తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి, లోపలి థర్మామీటర్లు చూసి, రాత్రి చలి ఎంతకి దిగిందో రాయడం ఆయన పని. అంకెని ఒక్క పిసరు కూడా ఎప్పుడూ అటూ ఇటూ చెయ్యలేదు. అంకెలంటే ఆయనకి గౌరవం. కానీ పెట్టె దగ్గర్నించి లోపలికి వచ్చేటప్పుడు మాత్రం నడిబజార్లో ఎవరో చెయ్యి చేసుకున్నట్టు వచ్చేవాడు. ఇంత కిందికి దిగజారడానికి సిగ్గుండక్కర్లేదా అని చలిని అందరి ముందూ నిలదీసేవాడు.

ఆయనకి ఎదురు బల్ల కొత్తమ్మాయిది. ఆమె చేరి ఏళ్ళు గడిచిపోయాయి. ఆమె తర్వాత ఆ ఆఫీసులో ఎవరూ చేరలేదు కాబట్టి ఆమె ఇంకా కొత్తమ్మాయే. బాబాయ్ రాసిన అంకెలతో ఆమె పటాలు గీస్తుంది. పటాలు గీయాలంటే చేతికి చెమట పట్టకూడదు, అందుకని ఫ్యాను వేసేది. బాబాయ్ లేచి కట్టేసేవాడు. ఆమె మళ్ళీ వేసేది. ఇద్దరూ పెదవి విప్పేవాళ్ళు కాదు. ఆ ఆఫీసులో అందరికన్నా ఎక్కువ కష్టపడేది ఆ ఫ్యాను స్విచ్చేనని క్యాషియరు అంటూండేవాడు.

ఒకసారి బాబాయ్‌కి జ్వరం వచ్చింది. డాక్టరు స్టెతస్కోపు తీసి గుండె మీద ఆనించగానే బాబాయ్ లేచి నిలబడి చొక్కా గుండీలు పెట్టేసుకున్నాడు. జ్వరం వచ్చిన మనిషి గుండె మీద ఐసుముక్క లాంటి బిళ్ళ పెట్టమని ఏ చదువులో చెప్పారని గట్టిగా అడిగేశాడు. ఆ డాక్టరు నెమ్మదస్తుడు. అప్పట్నించీ బాబాయ్ వస్తున్నాడని తెలిస్తే చాలు, ముందుగానే ఆ బిళ్ళని చంకలో పెట్టుకుని కూచునేవాడు.

మేడ మీద గది అద్దెకిచ్చేటప్పుడూ అదే ప్రశ్న. చలి అన్నవాళ్ళని మెట్ల మీంచే పంపించేశాడు. ఒక పెద్దమనిషి తనకి ఏదైనా పర్లేదన్నాడు. ఏదైనా పర్లేదనేవాడు రేపు గోడ కూలినా పర్లేదంటాడని ఆయన్నీ పంపించేశాడు. చివరికి రొట్టెల బట్టీలో పనిచేసే ఒకాయనకి ఇచ్చాడు. ఆయన ఇంటికి రాగానే మేడ కాస్త వెచ్చబడుతుందని బాబాయ్ సంతోషం.

ఈ విషయంలో ఆయనతో వాదం పెట్టుకుని గెలిచినవాళ్ళు లేరు. ఒకరోజు క్యాషియరు ధైర్యం చేశాడు.

"చలైతే మీద ఇంకోటి కప్పుకోవచ్చు బాబాయ్. ఎండకి తోలు వలుచుకోలేం కదా?"

"ఇంకోటి ఉన్నవాడి మాట అది. అసలు ఒక్కటీ లేనివాణ్ణి అడుగు, చెబుతాడు. నీడ ఏ చెట్టయినా ఊరికే ఇస్తుంది. నిప్పు ఊరికే ఇచ్చేవాణ్ణి ఒక్కణ్ణి చూపించు."

 ఆ పూటంతా బాబాయ్ క్యాషియరు కిటికీ కూడా మూసే ఉంచాడు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. నవ్వు ఆగిపోయిన రోజు ఒకటొచ్చింది.

ఆ కార్యాలయానికి దూరాన రెండు చిన్న కేంద్రాలున్నాయి. ఒకటి ఇసుక కేంద్రం. మధ్యాహ్నం పూట తలుపు గడియ పట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది. రెండోది మంచు కేంద్రం. బకెట్లో నీళ్ళు వాడుకోవాలంటే సుత్తి కావాలి. మూడేళ్ళకోసారి వంతు ప్రకారం ఇద్దరు వెళ్ళాలి. ఎవరికేది అన్నదానికి ఒక ఆచారం ఉంది. అందరి ముందూ, ఇద్దరిలో పెద్దవాళ్ళు ముందు కోరుకోవాలి. నోరు దాటిన మాట వెనక్కి తీసుకోకూడదు. మిగిలింది రెండోవాళ్ళది. వెనకటికి ఇద్దరు మర్యాదస్తులు మీరు చెప్పండంటే మీరు చెప్పండని సాయంత్రం దాకా మొహమాటపడితే, విసుగెత్తిన అప్పటి ఆఫీసరు చెరో చోటికి తోసేశాడట. ఇసుక కావాల్సినాయన మంచులోనూ, మంచు కావాల్సినాయన ఇసుకలోనూ కూచుని మూడేళ్ళూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. అందుకని ఈ ఆచారం పెట్టారు.

ఈసారి వంతు రగ్గు బాబాయ్‌దీ, కొత్తమ్మాయిదీ.

బాబాయ్ ఏం కోరుకుంటాడో గోడకున్న బల్లికి కూడా తెలుసు. ఇదివరకొకసారి ఆయన ఇసుక కేంద్రానికి వెళ్ళి, పనస గింజ రంగులో తిరిగొచ్చి, అక్కడ రాతి మీద గుడ్డు కొడితే పొయ్యి లేకుండానే ఉడికిందని ఏడాది పొడుగునా చెప్పాడు. ఆ ఊసెత్తినప్పుడు ఆయన మొహం పుట్టింటి సంగతి చెప్పే ఆడపడుచు మొహంలా వెలిగిపోయేది.

కొత్తమ్మాయి మాత్రం తన వంతు బాబాయ్‌తో పడిందని విన్న క్షణం నించి రగిలిపోయింది. ఆమెకి ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే. అమ్మకి ఉబ్బసం. గాలి కాస్త చల్లబడితే చాలు, గొంతులో పిల్లికూతలు మొదలవుతాయి. పొడి వేడి ఉన్నచోట ఆవిడ హాయిగా ఊపిరి తీసుకుంటుందని డాక్టరు ఏనాడో చెప్పాడు. ఇసుక కేంద్రమైతే అమ్మని వెంట తీసుకెళ్ళొచ్చు. మంచు కేంద్రానికి తీసుకెళ్తే అమ్మ దక్కదు. వదిలి వెళ్తే చూసేవాళ్ళు లేరు. ఉద్యోగం మానేస్తే పూట గడవదు. ఆఫీసరు దగ్గరికి వెళ్ళి చెప్పుకుంది. ఆయన అచ్చమైన గోరువెచ్చని మనిషి. ఆచారం మార్చడం కుదరదన్నాడు, అలాగని అస్సలు కుదరదని కాదన్నాడు, చూద్దామన్నాడు, చూడ్డానికేముందన్నాడు. ఆమె బయటికి వచ్చేసరికి తను ఏం అడగడానికి వెళ్ళిందో తనకే గుర్తులేకుండా చేశాడు.

ఇక మిగిలింది బాబాయ్. ఆయన సలసలా మరిగే టీ తాగి కాస్త మెత్తబడేదాకా ఆగింది. తర్వాత లేచి, తన చేత్తో తనే ఫ్యాను కట్టేసి, ఆయన బల్ల ముందు నిలబడింది.

బాబాయ్ ఫ్యాను వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ఏం, ఒంట్లో బాగోలేదా?"

ఆమె అమ్మ సంగతంతా చెప్పింది. ఆయన మధ్యలో మాట్లాడకుండా విన్నాడు. ఎంత కాలం నించి ఉందని అడిగాడు. రాత్రిళ్ళు పడుకోగలుగుతుందా అని అడిగాడు. పడుకోలేదు, గోడకి దిండు పెట్టుకుని కూచుంటుందని ఆమె చెప్పింది. అంతా విన్నాక బాబాయ్ ఒక్కసారిగా భగ్గుమన్నాడు.

"అంటే నన్ను చలిలోకి పొమ్మంటున్నావన్నమాట. ఇంతమంది ఉండగా నా దగ్గరికొచ్చి ఈ మాట అడగడానికి నీకు నోరెలా వచ్చింది?"

"నా సుఖం కోసం అడగలేదు బాబాయ్ గారూ. మా అమ్మ ఊపిరి కోసం అడిగాను."

"నా ఎండ నాది. దాని జోలికి ఎవరూ రావద్దు."

అంటూ రగ్గు మెడదాకా లాక్కుని, కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు. కొత్తమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్ళి ఫ్యాను వేసి ఆఖరి నంబరు దాకా తిప్పింది. ఆ రోజంతా బాబాయ్ లేచి దాన్ని కట్టెయ్యలేదు. అలిగాడులే, అలగనీ అనుకుంది.

ఇంటికెళ్ళి ఆమె బాబాయ్‌ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. మనిషి కన్నా ఎండ ఎక్కువా అంది. ఆ రగ్గులో ఉన్నది గుండె కాదు, కుంపటి అంది. అమ్మ అన్నీ విని, ఆయాసం మధ్యలోనే నవ్వింది.

"అంతగా చలి పడనాయన్ని పట్టుకుని మంచులోకి వెళ్ళమనడం ఏం న్యాయమే? నీకు నేనెంతో, ఆయనకి ఆయన ఒళ్ళు అంతేగా."

న్యాయం అమ్మ నోటివెంట వచ్చేసరికి కొత్తమ్మాయికి ఇంకా మండింది. రేపు ఆయన ఇసుక అనగానే, అందరి ముందూ లేచి, మీ ఆచారానికో దణ్ణం, మీ ఉద్యోగానికో దణ్ణం అని చెప్పేసి వచ్చెయ్యాలని నిశ్చయించుకుంది.

మర్నాడు హాల్లో అందరూ చేరారు. ఆఫీసరు గొంతు సవరించుకుని, పెద్దవారు కాబట్టి ముందు తమరే చెప్పాలన్నాడు. బాబాయ్ లేచాడు. రగ్గు సర్దుకున్నాడు. కొత్తమ్మాయి కూడా లేవడానికి సిద్ధంగా కుర్చీ అంచుకి జరిగింది.

"నేను ఇన్నేళ్ళుగా చలిని తిడుతున్నాను. అయితే అంతా చాటునే తిట్టాను. చాటున తిట్టడం పిరికిపంద పని. దాని ఇంటికే వెళ్ళి, మొహం మీదే తిడతాను. రాసుకోండి, మంచు కేంద్రం."

 క్యాషియరు లేచొచ్చి బాబాయ్ నుదుటి మీద చెయ్యేసి చూశాడు. బాబాయ్ ఆ చెయ్యి విదిలించి కొట్టాడు. ఇంకోసారి ఆలోచించుకోమని ఆఫీసరు నసిగాడు. నోరు దాటిన మాట వెనక్కి తీసుకునే ఆచారం ఈ ఆఫీసులో ఎప్పట్నించి మొదలైందని బాబాయ్ గద్దించేసరికి, ఆయన గబగబా రాసేసుకున్నాడు.

కొత్తమ్మాయికి లేచిన కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.  బాబాయ్ విసవిసా పెరట్లోకి వెళ్తే వెనకాలే పరిగెత్తింది. ఆయన చెక్కపెట్టె తలుపు తీసి థర్మామీటర్లలోకి చూస్తున్నాడు. ఆ వేళప్పుడు చూడాల్సిన పనేమీ లేదు.

"మీ రుణం ఎలా తీర్చుకోవాలో..." అని ఏదో అనబోయింది.

"రుణమా? ఎవరికి? నీకోసం వెళ్తున్నానని ఎవరు చెప్పారు? నేను నా శత్రువు మీదికి దండెత్తుతుంటే మధ్యలో నీ గొడవేమిటి?" అని బాబాయ్ మండిపడ్డాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఉంటే ఇంకా మండిపడ్డాడు. "ఇక్కడ ఏడవకు. ఆ తడి తగిలిందంటే అంకె మారిపోతుంది. అవతలికి నడు."

ఆమె నిన్న అమ్మ ముందు అన్న మాటలన్నిటికీ మనసులోనే లెంపలేసుకుంది.

ఇసుక కేంద్రం అన్నంత పనీ చేసింది. తలుపు గడియ నిజంగానే కాలింది. పటాలు గీస్తుంటే చెమట చుక్కలు పడి లేని సరస్సులు పుట్టుకొచ్చాయి. కానీ చేరిన కొన్నాళ్ళకే అమ్మ గొంతులో పిల్లికూతలు ఆగిపోయాయి. ఆవిడ గోడకి దిండు పెట్టుకోవడం మానేసి, మంచం మీద వెల్లకిలా పడుకుని గురక పెట్టింది. ఆ గురక వింటూ కొత్తమ్మాయి ఒళ్ళంతా చెమటతో హాయిగా కూచుంది.

ఆ సాయంత్రం మంచు కేంద్రానికి ఫోన్ చేసింది. అటునించి ముందు పళ్ళు టకటకలాడిన చప్పుడు వినబడింది. ఆ వెనకాల బాబాయ్ గొంతు వచ్చింది.

"ఎలా ఉంది బాబాయ్ గారూ చలి?"

"చలా? ఏ-ఏం చలి? అంతా మో-మోసం. పేరుకే మంచు కేంద్రం. ఇంతోటి చలినా నే-నేను ఇన్నేళ్ళు తిట్టింది? నా తిట్లన్నీ దండగ."

అంతలో ఎవరో ఫోను లాక్కున్నారు. అక్కడి వంటమనిషి. "నమ్మకండమ్మా. రాత్రీ పగలూ నా పొయ్యి పక్కనే ఉంటున్నారు. పొద్దున థర్మామీటరు చూడబోయి మీసం గడ్డకట్టించుకొచ్చారు. వేడి గరిటె దగ్గర పెట్టి కరిగించాం." వెనకాల బాబాయ్ అతని వంశాన్నంతా తిడుతూ ఫోను మళ్ళీ లాక్కోవడం వినబడింది.

కొత్తమ్మాయికి నవ్వూ ఆగలేదు, జాలీ ఆగలేదు. జన్మంతా చలి లేనిచోట చలి చలని అరిచిన మనిషి, ప్రాణం బిగుసుకుపోయే చలిలో కూచుని లేదని బొంకుతున్నాడు. ఇక్కడి ఎండ గురించి చెబితే ఆయన మనసు ఎంత లాగుతుందో అనుకుంది. చెమటకి ఫోను జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకుని, తనూ ఒక అబద్ధం ఆడింది.

"ఇక్కడా పెద్ద ఎండేం లేదు బాబాయ్ గారూ. చల్లగానే ఉంది."

అటువైపు పళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"చల్లగా ఉందా? చల్లగా ఉంటే మీ అమ్మ గతేం కావాలి? ఎండ లేనిదానికి దాన్ని ఇసుక కేంద్రం అనడమెందుకు? మరి నేనిక్కడ ఎవరికోసం చస్తున్నట్టు?"



"ఏమన్నారు బాబాయ్ గారూ?" అంది కొత్తమ్మాయి మెల్లిగా.

"లైను బాగోలేదు. నాకేం వినబడ్డం లేదు" అన్నాడు బాబాయ్. ఆ మాట పక్క గదిలోంచి అన్నంత స్పష్టంగా వినబడింది.

నిద్ర లేచి వచ్చిన అమ్మ కూతురి చేతిలోంచి ఫోను తీసుకుంది. ఎక్కడా ఆగకుండా నిండుగా ఊపిరి పీల్చుకుని చెప్పింది.

"దాని మాట నమ్మకండి బాబూ. ఎండ నిప్పులు చెరుగుతోంది. పిట్టలు కూడా గుమ్మంలోకి వచ్చేస్తున్నాయి. మీరేం బెంగ పెట్టుకోకండి."

పళ్ళ టకటకల మధ్య, కోపం ఇసుమంత కూడా లేని గొంతుతో, హమ్మయ్య అన్న మాట వినబడింది.